పేంటర్ సాబ్‌తో పట్నం రాత్రుళ్ళు

నమస్కారమండీ. ఇవాళ మీకో ఆర్టిస్టు గురించి చెప్పాలి. ఆయన పేరు మీరు విని ఉండరు, కానీ తొంభైల్లో హైదరాబాద్‌లో సినిమాలు చూసినవాళ్ళయితే ఆయన బొమ్మ కింద క్యూలో నిలబడే ఉంటారు. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ థియేటర్లకి బ్యానర్లు వేసేవాడు. మేమంతా పేంటర్ సాబ్ అని పిలిచేవాళ్ళం. పోయిన వానాకాలంలో పోయాడు. పేపర్లో చిన్న ముక్క కూడా రాలేదు. అందుకే రేడియో వాళ్ళు ఏదైనా మాట్లాడమనగానే ఆయన గురించే మాట్లాడతానన్నాను.

నేనప్పుడు ఒక పేపర్లో నైట్ డెస్క్ సబ్ ఎడిటర్ని. సిటీ ఎడిషన్ ప్రెస్సుకెళ్ళి మేం బయటపడేసరికి ఒంటిగంటన్నర, రెండు అయ్యేది. ఆ టైముకి ఊళ్ళో మెలకువగా ఉండేది ఎవరండీ, మేమూ, పోలీసులూ, ఆటోవాళ్ళూ, ఇదిగో ఈ బ్యానర్ పేంటర్లూ. శుక్రవారం సినిమా రిలీజంటే గురువారం రాత్రి వాళ్ళకి జాగారమే. సెకండ్ షో జనం వెళ్ళిపోయాక వెదురు బొంగులు కట్టి, తాళ్ళతో లాగి, ముక్కలు ముక్కలుగా వేసిన గుడ్డల్ని పైన అతికినట్టు కలపాలి, హీరో చెవి ఒక ముక్కలో ఉంటే చెంప ఇంకో ముక్కలో ఉండేది, అవి రెండూ ఒక్క వేలు తేడా వచ్చినా కింద నుంచి చూస్తే మూతి వంకరే. సాబ్ రోడ్డుకి అటువైపు నిలబడి "ఇంకింత పైకి, ఆగు, ఆగు, బస్" అని అరుస్తుంటే నేను పక్కన నిలబడి చూసేవాణ్ణి. అలాగే పరిచయం.

ఆయన పని చేసే షెడ్డు ముషీరాబాద్ వైపు ఒక గల్లీలో ఉండేది. ముతక గుడ్డ మీద సుద్దా బంకా కలిపి పూసి ఆరబెట్టి, ప్రొడ్యూసర్ పంపిన స్టిల్ ఫోటో మీద పెన్సిల్‌తో గళ్ళు కొట్టి, అవే గళ్ళు పెద్దగా గుడ్డ మీద దారంతో కొట్టి, ఒక్కో గడిలో ఉన్నది ఒక్కో గడిలోకి ఎక్కించడం. లెక్క అంతే. కానీ రంగు దగ్గర లెక్క ఉండదు. ఒక రాత్రి ట్యూబ్‌లైట్ కింద హీరోయిన్ మొహం వేస్తున్నాడు, ఒక్క కన్నే భోజనం పళ్ళెం కంటే పెద్దది, దగ్గరికెళ్ళి చూస్తే చెంప కింద ఆకుపచ్చ, ముక్కు పక్కన నీలం, నుదుటి మీద గులాబీ, అంతా పూతలు పూతలుగా ఉంది, ఇదేంటన్నా పచ్చ రంగేంటి మనిషికి అంటే, "తమ్మీ, గోడ దాకా పోయి సూడు" అన్నాడు. వెళ్ళి తిరిగి చూస్తే ఆ పచ్చ కనపడలేదు, చెంప మీద నీడ కనపడింది, ఆ అమ్మాయి బతికున్నట్టు చూస్తోంది. ఆ షెడ్డులో నాకు ఒళ్ళు జలదరించింది, ఇప్పుడు చెప్తున్నా జలదరిస్తోంది.

పని అయ్యాక నడకే. ఎక్కువగా ట్యాంక్‌బండ్. మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది, 1990 మార్చిలో బుద్ధుడి విగ్రహాన్ని బార్జ్ మీద తీసుకెళ్తుంటే అది హుసేన్ సాగర్‌లో మునిగిపోయింది, మనుషులు కూడా పోయారు. మళ్ళీ పైకి తీసి 1992 డిసెంబర్లో నిలబెట్టేదాకా ఆయన నీళ్ళ అడుగునే ఉన్నాడు. ఆ రోజుల్లో మేం రెయిలింగ్ పట్టుకుని నిలబడితే సాబ్ మాట్లాడేదంతా ఆ బొమ్మ గురించే. రాయగిరిలో గణపతి స్థపతి చెక్కింది, 58 అడుగులు, తల ఎనిమిదో వంతు వేసుకున్నా ఏడడుగులు దాటుతది, అంత మొహంలో ఆ శాంతం ఎట్ల తెచ్చిండు తమ్మీ, నేను గుడ్డ మీద తప్పయితే తుడుస్త, రాయి మీద ఎట్ల తుడుస్తవ్, అనేవాడు. తర్వాత బుద్ధుడు నీళ్ళ మధ్యలో లేచి నిలబడ్డాక మొదటిసారి చూసి చాలాసేపు మాట్లాడలేదు.

నైట్ లైఫ్ అంటే ఇప్పుడు పబ్బులంటున్నారు. మాది చాయ్ మీద నడిచింది. సికింద్రాబాద్ స్టేషన్ ఎదురుగా ఆల్ఫా హోటల్లో కూచుంటే ఆయనకి పౌనా చాయ్, నాకు మామూలుది, మధ్యలో ఒక ప్లేట్ ఉస్మానియా బిస్కెట్లు. రంజాన్ నెలలో అయితే సైకిల్ మోటార్ ఎక్కి చార్మినార్ వెళ్ళేవాళ్ళం, లాడ్ బజార్లో అర్ధరాత్రి దాటాక గాజుల షాపుల లైట్లు, హలీం బట్టీల దగ్గర జనం, ఆ రంగులన్నీ చూసి "గీ ఎరుపు నా డబ్బాల లేదు" అని బాధపడేవాడు, నిజంగానే బాధపడేవాడు, మర్నాడు అదే ఎరుపు కలపడానికి కూచునేవాడు.

ఎవరైనా బ్యానర్ పేంటర్ అని తక్కువ చేస్తే ఒకటే చెప్పేవాడు, ఎం.ఎఫ్. హుసేన్ సాబ్ కూడా బొంబాయిలో సినిమా హోర్డింగులు గీసినవాడే అని. గర్వంగా చెప్పేవాడు. నా లెక్కలో ఆయన గర్వం న్యాయమైనది. గ్యాలరీలో బొమ్మని చూడ్డానికి ఎంతమంది వస్తారండీ, ఈయన బొమ్మ కింద నుంచి రోజూ ఊరంతా వెళ్ళేది.

2000 దాటాక ఫ్లెక్సీలొచ్చాయి. కంప్యూటర్లో బొమ్మ, మెషీన్లో ప్రింటు, సాయంత్రానికల్లా రెడీ. షెడ్డు ఖాళీ అయింది. సాబ్ షాపుల బోర్డులు రాశాడు, స్కూలు గోడల మీద దేశపటాలు వేశాడు, వినాయక చవితి ముందు ధూల్‌పేట వెళ్ళి విగ్రహాలకి కళ్ళు దిద్దేవాడు. కళ్ళ పని మాత్రం ఎంత అర్జెంటైనా రాత్రే చేసేవాడు.

ఆయన పోయాక ఇంటికెళ్తే ఒక్క బొమ్మ లేదు. ఎలా ఉంటుంది, సినిమా వెళ్ళిపోగానే అదే గుడ్డ మీద తెల్ల పూత పూసి ఇంకో సినిమా వేసేవాళ్ళు. కింద సంతకం పెట్టినా అది కంపెనీ పేరే. కాబట్టి మీ అందరికీ ఒక విన్నపం. ఆ రోజుల్లో సంధ్య, సుదర్శన్, దేవి, ఓడియన్ థియేటర్ల ముందు ఫ్రెండ్స్‌తోనో, కొత్త పెళ్ళాంతోనో దిగిన ఫోటోలు మీ ఆల్బముల్లో ఉంటే ఒకసారి తీయండి. మీ వెనకాల బ్యానర్ కనిపిస్తే ఒక కాపీ మన స్టేషన్‌కి పంపండి, వాళ్ళమ్మాయికి నేను చేరుస్తాను. నాన్న పని చేస్తుంటే రంగు డబ్బాల మధ్య నిద్రపోయిన పిల్ల, ఇప్పుడు తన పిల్లలకి చూపించడానికి ఒక్క ఫోటో అడుగుతోంది.