గెలుస్తాడని తెలిశాక కథ ఎందుకు చదవాలి?

(గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగం)

గ్రంథాలయాధికారి గారికి, తోటి ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు నమస్కారం. ఉపన్యాసం ఎప్పుడు అయిపోతుందా అని ముందు వరసలో ఎదురుచూస్తున్న పిల్లలకు రెండు నమస్కారాలు.

నిరుడు మా బడిలో ఏడో తరగతి అబ్బాయికి ఒక క్రీడాకారుడి జీవిత కథ ఇచ్చాను. మర్నాడే తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. "అప్పుడే చదివేశావా?" అని అడిగాను. "లేదు మాస్టారూ. అట్ట మీదే పతకం పట్టుకుని నవ్వుతున్నాడు కదా. గెలుస్తాడని తెలిసిపోయింది, ఇంక చదవడం ఎందుకు?" అన్నాడు.

నాకు కోపం రావలసింది, రాలేదు. వాడన్నదాంట్లో తప్పేముంది? పేద ఇంట్లో పుట్టాడు, కష్టపడ్డాడు, గెలిచాడు, కాబట్టి మీరూ కష్టపడండి: పిల్లలకు మనం అందించే క్రీడాకారుల కథలు చాలావరకు ఇంతే. నాలుగు ముక్కల్లో తేలిపోయే దానికి నూట యాభై పేజీలు తిరగేసే ఓపిక ఎవరికుంటుంది?

ఆ వారమే తరగతిలో కరణం మల్లీశ్వరి కథ ఎత్తుకున్నాను. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట. ఒలింపిక్ పతకం సాధించిన మొదటి భారతీయ మహిళ. పోటీ పరీక్షల పుస్తకాల్లో ఆమె గురించి ఈ రెండు వాక్యాలకు మించి దొరకదు. నేను బోర్డు మీద అంకెలు వేశాను. 2000 సెప్టెంబరు 19, సిడ్నీ ఒలింపిక్స్, బరువులెత్తే పోటీ (వెయిట్‌లిఫ్టింగ్), ఒంటి బరువు 69 కిలోలు మించని మహిళల విభాగం. బరువులు తగిలించిన కడ్డీని, అంటే బార్‌ను, నేల మీద నుంచి ఒక్క ఊపులో తల పైకి లేపితే స్నాచ్. ముందు భుజాల మీదికి తెచ్చుకుని, నిలదొక్కుకుని, అప్పుడు పైకెత్తితే క్లీన్ అండ్ జెర్క్. ఒక్కోదానికి మూడేసి ప్రయత్నాలు. రెండింటిలో ఎత్తిన పెద్ద బరువులను కలిపి మొత్తం లెక్కిస్తారు. మల్లీశ్వరి స్నాచ్‌లో 110 ఎత్తింది, క్లీన్ అండ్ జెర్క్‌లో 130. మొత్తం 240. చేతిలో ఇంకొక్క ప్రయత్నం ఉంది. బార్ మీద 137.5 కిలోలు పెట్టించారు. అది లేచి ఉంటే మొత్తం 247.5 అయ్యేది. లేవలేదు. కాంస్యం వచ్చింది.

స్వర్ణం, రజతం గెలిచిన ఇద్దరూ ఎత్తింది చెరో 242.5 కిలోలు. ఒంటి బరువు తక్కువున్న ఆమెకు స్వర్ణం ఇచ్చారు. అంటే మన మల్లీశ్వరికీ స్వర్ణానికీ మధ్య ఉన్నది రెండున్నర కిలోలు, సంతకెళ్లి వచ్చే కూరల సంచి బరువు.

సుద్దముక్క కింద పెట్టానో లేదో, పుస్తకం తిప్పి పంపిన ఆ అబ్బాయే లేచి బోర్డు దగ్గరికి వచ్చాడు. 110 కింద 135 వేసి కూడాడు. 245 వచ్చింది. "135 చాలు కదా మాస్టారూ! 137.5 ఎవరు పెట్టమన్నారు?" అన్నాడు, ఆ తప్పు నేనే చేసినట్టు. వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి, "అవతలి వాళ్లూ పెంచరా మరి?" అంది. గంట కొట్టినా తగువు తెగలేదు. ఫలితం వచ్చి పాతికేళ్లు దాటిన పోటీ అది!

పిల్లలకు ఏ కథలు ఇవ్వాలని నన్నెవరైనా అడిగితే నా కొలబద్ద ఇదే. చివరికి ఏమవుతుందో తెలిసినా, మధ్యలో ఎక్కడో ఒక చోట పిల్లవాడు ఆగి పోట్లాటకు దిగాలి.

అబెబే బికిలా కథ చాలామంది వినే ఉంటారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో చెప్పులు లేకుండా మారథాన్ గెలిచిన ఇథియోపియా వీరుడు. మనవాళ్లు చెప్పేటప్పుడు, బూట్లు కొనే స్తోమత లేక ఉత్త కాళ్లతో పరుగెత్తాడని కాస్త కన్నీళ్లు కలుపుతారు. అది నిజం కాదు. ఆయన చక్రవర్తి అంగరక్షక దళంలో ఉద్యోగి. రోమ్‌లో బూట్లు ఇచ్చారు కూడా. అవి పాదాలకు సరిపడలేదు. ఉత్త కాళ్లతో సాధన చేసిన అలవాటు ఎలాగూ ఉంది, అలాగే దిగాడు. నాకైతే కన్నీళ్ల కథ కన్నా ఇదే బాగుంది. కరిచే బూటును పక్కన పెట్టే తెలివి ఉన్న మనిషి కనిపిస్తాడు. 1964లో టోక్యోలో బూట్లు వేసుకునే పరుగెత్తాడు. అపెండిక్స్ ఆపరేషన్ జరిగి నలభై రోజులైనా కాలేదు, మళ్లీ స్వర్ణం. గీత దాటాక కూలబడకుండా మైదానంలో వ్యాయామం మొదలుపెట్టాడు. 1969లో కారు ప్రమాదం నడుము కింది భాగాన్ని చచ్చుబడేలా చేసింది. మరుసటి ఏడాది ఇంగ్లండులో వికలాంగుల క్రీడల్లో విల్లు పట్టుకున్నాడు. పిల్లల పుస్తకాలు చాలావరకు టోక్యో దగ్గరే ఆగిపోతాయి. ఆగని పుస్తకం దొరికితే కొనండి.

విల్మా రుడాల్ఫ్ కథలో నాకిష్టమైనది ఆ రోమ్ ఒలింపిక్స్‌లోనే పరుగు పందేల్లో వచ్చిన మూడు స్వర్ణాలు కాదు. అమెరికాలో టెన్నెసీ రాష్ట్రం, ఇరవై రెండు మంది పిల్లల ఇంట్లో ఇరవయ్యో బిడ్డ, పోలియో సోకిన కాలు. నల్లజాతి వారికి వైద్యం చేసే ఆసుపత్రి కోసం వారం వారం ఎనభై కిలోమీటర్ల దూరం బస్సులో ప్రయాణం. ఇంట్లో అమ్మ, అన్నలు, అక్కలు వంతులు వేసుకుని రోజుకు నాలుగుసార్లు ఆ కాలు మర్దన చేసేవారు. ఆ మర్దన పేజీ చదివిన ఒక పాప, "వంతు తప్పించుకున్న అన్న ఎవరూ లేరా?" అని అడిగింది. ఇంట్లో అన్నలున్న పిల్ల! ఒలింపిక్స్ నుంచి తిరిగొచ్చాక సొంతూరు సన్మానం చేస్తానంది. తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ వేరువేరుగా సభ అయితే రానని విల్మా చెప్పింది. ఊరు దిగివచ్చింది. అందరూ కలిసి కూర్చున్నారు.

మన దగ్గరి కథ ఒకటి ఇంకా పూర్తి కాలేదు. వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన జీవాంజి దీప్తి మేధో వైకల్యం ఉన్నవారి టి20 విభాగంలో 400 మీటర్లు పరుగెత్తుతుంది. 2024 మేలో జపాన్‌లోని కోబేలో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు. సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో, ఫైనల్‌కు ముందు జరిగిన తొలి పరుగులోనే ఆ రికార్డును మరొకరు దాటేశారు. ఫైనల్లో 55.82 సెకన్లతో దీప్తి మూడో స్థానంలో నిలిచింది. ఈ కథను దయచేసి జాలి గొంతుతో చదివి వినిపించకండి. సెకన్లు, అందులో వందో వంతులు చూపించండి. మే నుంచి సెప్టెంబరు దాకా ఏం జరిగి ఉంటుందో పిల్లలే ఊహిస్తారు.

తల్లిదండ్రులకు ఒక మనవి. పుస్తకం మూయగానే "దీని నుంచి ఏం నేర్చుకున్నావు?" అని అడగకండి. నేను పదేళ్లు అలాగే అడిగాను. పదేళ్లూ ఒకటే జవాబు వచ్చింది: "కష్టపడాలి మాస్టారూ." అది పుస్తకం తెరవకుండానే చెప్పగల జవాబు.

పిల్లలూ, మీ ఎడమ చేతి వైపు రెండో అల్మారాలో కింది అర చూడండి. క్రీడాకారుల పుస్తకాలు అక్కడున్నాయి. కొన్నింటికి అట్టలు ఊడిపోయాయి, ముందు వాటినే తీయండి, ఎక్కువమంది చదివినవి అవే. గ్రంథాలయాధికారి గారు ఐదింటికి తాళం వేస్తారట. ఇంకా అరగంట ఉంది, లేవండి.