అమెరికా స్కూల్లో నేను చెప్పే చదువు | వేలిముద్రలు, టీబీ టెస్టు, ఒక 'జ' కథ

నమస్తే అండీ, అందరూ బాగున్నారా? ఇవాళ కార్లోంచే మాట్లాడుతున్నాను. వెనకాల కనిపించేది పార్కు, స్కూలు కాదు. స్కూల్లో కెమెరా తీయకూడదు, పిల్లల పేర్లు బయటపెట్టకూడదు. మంచి పద్ధతే, అందుకే మాటల్లో చెప్తాను. తెనాలి నుంచి మా పిన్ని ప్రతి ఆదివారం "రోజంతా ఏం చేస్తావే అక్కడ?" అని అడుగుతుంది. పిన్నీ, ఈ వీడియో నీ కోసమే.

నాది హెచ్‌4 వీసా, అంటే ఇక్కడ హెచ్‌1బీ వీసా మీద ఉద్యోగం చేసేవాళ్ల కుటుంబానికి ఇచ్చేది. విడిగా వర్క్ పర్మిట్ లేకపోతే జీతానికి పని చేయకూడదు, ఉచితంగా చదువు చెప్పొచ్చు. కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో మా ఇంటి దగ్గరి ప్రభుత్వ స్కూలుకి మంగళ, గురువారాలు వెళ్తాను. ఒక్కొక్కరి పక్కన అరగంట కూర్చుని చదివిస్తాను. 2024లో దేశమంతటా పెట్టిన రీడింగ్ పరీక్షలో నాలుగో క్లాసు పిల్లల్లో 40 శాతం మంది 'బేసిక్' స్థాయికి కూడా చేరలేదు. అమెరికాలో ఇలాగా అని నేనూ ఆశ్చర్యపోయాను.

మన దగ్గర హెడ్మాస్టరు గారిని అడిగితే "రేపట్నుంచి రండమ్మా" అంటారు. ఇక్కడ ముందు వేలిముద్రలు, దాన్ని లైవ్ స్కాన్ అంటారు. పాత కేసులేమైనా ఉన్నాయేమో చూస్తారు. నాకు 28 డాలర్లయింది, అంటే దాదాపు 2,400 రూపాయలు. ఉచితంగా చెప్పడానికి ఎదురు డబ్బులా అని ఆ రోజు బాగా కోపం వచ్చింది.

తర్వాత టీబీ కాగితం. కాలిఫోర్నియాలో పిల్లలతో తరచూ ఉండే వాలంటీర్లందరికీ ఇది తప్పదు. ఇండియాలో పుట్టానని రాయగానే టెస్టు చేయించుకోమన్నారు. మనం చిన్నప్పుడే టీబీకి బీసీజీ టీకా వేయించుకున్నవాళ్లం కదా, చర్మం మీద చేసే టెస్టు ఊరికే పాజిటివ్ రావచ్చు. అందుకని రక్తపరీక్ష అడగండి. నర్సుకి భుజం మీద మచ్చ చూపిస్తుంటే అమ్మ గుర్తొచ్చింది. ఆ టీకా పుండై నేను రాత్రంతా ఏడిస్తే ఎత్తుకుని తిరిగిందట. వెంటనే ఫోన్ చేద్దామనుకున్నాను. అక్కడ అర్ధరాత్రి.

సరే, అసలు విషయం. నా దగ్గర రెండో క్లాసు బాబు ఒకడున్నాడు. ఇంట్లో స్పానిష్ మాట్లాడతారు. 'జంప్' అని ఉంటే 'హంప్' అని చదువుతాడు. 'జార్' అంటే 'హార్'. నేను సరిదిద్దిన కొద్దీ గొంతు చిన్నదైపోయేది. రెండు వారాలు అలాగే గడిచాయి. ఒకరోజు కార్లో వస్తుంటే రోడ్డు మీద మా ఊరి బోర్డు కనిపించింది. పిన్ని 'శాన్ జోస్' అంటుంది చూడండి, ఆ పేరు స్పానిష్‌ది. రాసేది 'జె'తో, పలికేది 'హ'తో. అంటే వాడు ఇన్నాళ్లూ ఇంటి భాషలో సరిగ్గానే చదువుతున్నాడు! తెనాలిలో ఐదేళ్లు పాఠాలు చెప్పిన నాకు అది ముందే తట్టాల్సింది. చాలా బాధేసింది.

మర్నాడు బోర్డు మీద ఊరి పేరు రాసి చదవమన్నాను. "శాన్ హోసే" అన్నాడు. "కరెక్ట్. ఈ అక్షరానికి నీ భాషలో ఒక శబ్దం, ఇంగ్లీషులో ఇంకో శబ్దం. నీకు రెండూ వస్తాయి" అన్నాను. 'జంప్' అని చదివాడు. చదివి, లేచి గెంతాడు కూడా.

"మిస్, మీ భాషలో ఆ శబ్దం ఎలా రాస్తారు?" అన్నాడు. 'జ' రాసి చూపించాను. మన దగ్గరైతే చెయ్యి పట్టుకుని దిద్దిస్తాం. ఇక్కడ పిల్లల్ని ముట్టుకోవద్దని ముందే చెప్పారు. అందుకని చుక్కలు పెట్టిచ్చాను, వాడే కలుపుకున్నాడు. నా చెయ్యి మాత్రం ఊరుకోలేదు, బల్ల మీద వాడితో పాటు దిద్దుతూనే ఉంది. మూడేళ్లయింది నేను ఒక పిల్లాడితో 'జ' రాయించి.

గుణింతం కూడా కావాలట. పిన్నీ, వచ్చే నెల బుజ్జి వస్తోంది కదా, దాని చేత ఒక పలక, బలపాల పెట్టె పంపించు.