పాత స్ట్రిప్పు చూపించి "అదే ఇవ్వు బాబూ" అనే ముందు

నమస్కారమండీ. మొన్నామధ్య మధ్యాహ్నం మూడింటప్పుడు, షాపులో ఎవరూ లేని టైంలో ఒక మామ్మగారు వచ్చారు. డెబ్బై దాటి ఉంటాయి. సంచిలోంచి ఖాళీ స్ట్రిప్పు తీసి కౌంటర్ మీద పెట్టి, "అదే ఇవ్వు బాబూ, రెండు" అన్నారు. చూస్తే బిసకోడిల్. మోషన్ అవ్వడానికి రాత్రి పడుకునే ముందు వేసుకునే చిన్న మాత్ర. డాక్టరు గారి చీటీ ఏదండీ అంటే, "అదెప్పుడో పోయింది. రెండేళ్ల నుంచీ ఇదే వేసుకుంటున్నాను. ఒక్కోసారి రెండేస్తే గానీ పని చెయ్యదు" అన్నారు. డబ్బులు తీస్తూ తీస్తూ ఇంకో మాట అన్నారు. "ఈమధ్య కాళ్లు పట్టేస్తున్నాయి బాబూ. నాలుగడుగులు వేస్తే ఓపిక అయిపోతోంది. వయసు కదా."

ఆ మామ్మగారి దగ్గరికి చివర్లో మళ్లీ వస్తాను. ఆవిడ అన్న ఆ మాట మాత్రం గుర్తు పెట్టుకోండి.

ముందే చెప్తున్నాను, నేను డాక్టర్ని కాదు, ఫార్మసిస్టుని. మీకు ఏ మందు వాడాలో చెప్పడం నా పని కాదు. రాసిన మందు లోపలికి వెళ్లి ఏం చేస్తుందో చెప్పగలను. మలబద్ధకం మందుల విషయంలో అది తెలిస్తే చాలావరకు సైడ్ ఎఫెక్ట్ కూడా తెలిసిపోయినట్టే. ఎందుకంటే వీటిలో సైడ్ ఎఫెక్టులు ఎక్కడి నుంచో ఊడిపడవు. మందు చేసే పనే కొంచెం ఎక్కువైనా, చెయ్యకూడని మనిషిలో చేసినా, అదే సైడ్ ఎఫెక్ట్.

లాక్టులోజ్ చూడండి. డుఫాలాక్ అంటే చాలామందికి తెలుస్తుంది, తియ్యగా జిగురుగా ఉండే సిరప్. అదొక రకం చక్కెర. మన చిన్నపేగు దాన్ని అరిగించుకోలేదు. అలాగే పెద్దపేగులోకి జారిపోతుంది. అక్కడుండే బ్యాక్టీరియాకి అది పండగ భోజనం. అవి దాన్ని పులియబెడతాయి, ఆ పులిసినదాని వల్ల నీరు చేరి మలం మెత్తబడుతుంది. పులిస్తే ఏమొస్తుంది? దోసెల పిండి గిన్నె మూత ఎందుకు లేస్తుందో అందుకే మీ పొట్ట కూడా లేస్తుంది. గ్యాసు, ఉబ్బరం, గుడగుడ. "ఈ మందు నాకు పడలేదండీ" అని రెండో రోజే సీసా వెనక్కి తెచ్చేవాళ్లు ఉన్నారు. పడకపోవడం కాదది, మందు పని మొదలుపెట్టింది. ఇంకో సంగతి, అది పని చెయ్యడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. మొదటి రాత్రే ఫలితం రాలేదని డోసు పెంచేసుకుంటే మూడో రోజు ఇంట్లోంచి కదలలేరు.

షుగరు ఉన్నవాళ్లు దీని గురించి భయపడుతూ అడుగుతుంటారు. మామూలు డోసులో ఒంట్లోకి ఎక్కేది చాలా తక్కువ. కానీ సిరప్‌లో వేరే చక్కెరలు కొద్దిగా ఉంటాయి, లివర్ జబ్బుకి ఇదే మందు పెద్ద డోసుల్లో ఇస్తారు. అప్పుడు షుగరు చూసుకుంటూ ఉండాలి. గ్యాసు భరించలేనివాళ్లకి డాక్టర్లు నీళ్లలో కలుపుకునే పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి రాస్తారు. అది నీటిని పట్టుకుని ఉంటుంది, పులియదు. అందుకని గుడగుడ తక్కువ.

తెల్లగా చిక్కగా ఉండే ద్రావణాలున్నాయి, క్రీమాఫిన్ లాంటివి. వాటిలో మిల్క్ ఆఫ్ మెగ్నీషియా, లిక్విడ్ పారాఫిన్ కలిపి ఉంటాయి. వీటి గురించి రెండే మాటలు. కిడ్నీలు సరిగ్గా పని చెయ్యని వాళ్లలో మెగ్నీషియం బయటికి పోక రక్తంలో పేరుకుంటుంది. కాబట్టి క్రియాటినిన్ ఎక్కువుందని ఎవరైనా ఎప్పుడైనా చెప్పి ఉంటే, ఆ సీసా ముట్టుకునే ముందు డాక్టర్ని అడగండి. రెండోది, పారాఫిన్ అంటే నూనె. మంచం మీదున్న పెద్దవాళ్లకి పడుకోబెట్టి నోట్లో పోస్తే అది పొరబోయి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. నూనె వల్ల వచ్చే న్యుమోనియా మామూలు యాంటీబయాటిక్కి లొంగదు. నెలల తరబడి తాగితే ఏ, డి, ఇ, కె విటమిన్లు ఒంటికి పట్టకుండా కూడా చేస్తుంది. బట్టలకి జిడ్డు అంటడం సంగతి ఎవరూ పైకి చెప్పరు గానీ, అదీ ఉంటుంది.

ఇప్పుడు ఖరీదైన మందులకి వద్దాం. పాత మందులు పని చెయ్యనప్పుడు గ్యాస్ట్రో డాక్టర్లు రాసేవి ఇవి.

లుబిప్రోస్టోన్. అమెరికాలో 2006లో అనుమతి వచ్చింది. పేగు గోడలో క్లోరైడ్ ద్వారాలు తెరుస్తుంది, క్లోరైడ్ వెనకాలే నీరు పేగులోకి వస్తుంది. దీని పెద్ద గొడవ వికారం. ట్రయల్స్‌లో 24 మైక్రోగ్రాముల డోసు రోజుకి రెండుసార్లు తీసుకున్నవాళ్లలో నూటికి 29 మందికి కడుపులో తిప్పింది. భోజనంతో పాటు, సరిపడా నీళ్లతో వేసుకుంటే ఆ తిప్పడం తగ్గుతుంది. ఒక్కోసారి మాత్ర వేసుకున్న అరగంట, గంటలో ఛాతీ పట్టేసినట్టు, ఊపిరి ఆడనట్టు అనిపిస్తుంది. సాధారణంగా కొన్ని గంటల్లో తగ్గిపోతుంది. కానీ అలా జరిగితే "తగ్గిపోయిందిలే" అనుకుని ఇంకో మాత్ర వెయ్యకండి, ముందు డాక్టర్‌కి చెప్పండి. ఛాతీ బరువుకి కారణం మందే అని ఇంట్లో కూర్చుని మనం తేల్చుకోలేం.

లినాక్లోటైడ్. అమెరికాలో ఉండే మనవాళ్లకి లిన్జెస్ అంటే వెంటనే తెలుస్తుంది, అక్కడ టీవీలో ప్రకటనలు వస్తాయి. 2012లో వచ్చింది. దీనికి రూలు పూర్తిగా తిరగేసి ఉంటుంది. పరగడుపున, టిఫిన్‌కి కనీసం అరగంట ముందు వేసుకోవాలి. ఏదైనా, ముఖ్యంగా కొవ్వు ఎక్కువున్నది, తిన్నాక వేసుకుంటే విరేచనాలు ఎక్కువవుతాయి. మలబద్ధకం ఉన్నవాళ్ల ట్రయల్స్‌లో 145 మైక్రోగ్రాముల డోసు మీద నూటికి 16 మందికి విరేచనాలు పట్టుకున్నాయి. పోలిక కోసం మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 5 మందికి. రెండేళ్లలోపు పిల్లలకి ఇది అసలు ఇవ్వకూడదు, ఒంట్లో నీరంతా పోయే ప్రమాదం ఉందని అమెరికాలో దాని కరపత్రంలో గడి కట్టి మరీ పెద్ద హెచ్చరిక ఉంటుంది.

దీని గురించి ఒక చిన్న ముచ్చట. అమ్మానాన్నలు ఇండియా వస్తున్నారంటే పిల్లలు మూడు నెలల మందులు కొని, సోమవారం మంగళవారం అని గడులుండే ప్లాస్టిక్ డబ్బాలో చక్కగా సర్ది పంపిస్తారు. ప్రేమే, కాదనను. కానీ ఈ క్యాప్సూల్‌కి చెమ్మ పడదు. సీసాలో ఉండే ఆ చిన్న సంచి, తినకూడదని రాసి ఉంటుందే, అది చెమ్మ పీల్చడానికే. సీసాలోంచి తీసి గడుల డబ్బాలో పోసి, అందులోనూ మా గోదావరి జిల్లాల ఉక్కపోతలో పెడితే, ఆ మందు మీద నమ్మకం పెట్టుకోకండి.

ప్రుకలోప్రైడ్. మన దగ్గర ఒక మిల్లీగ్రాము, రెండు మిల్లీగ్రాముల మాత్రలుగా దొరుకుతుంది. ఇది నీరు లాగదు, పేగు కండరాన్ని కదిలిస్తుంది, పేగులో సెరటోనిన్ అనే రసాయనాన్ని అందుకునే గ్రాహకాల మీద పని చేసి. దీనికి వచ్చే తలనొప్పి మొదటి రోజుల్లోనే వస్తుంది. నూటికి 19 మందికి తలనొప్పి, 14 మందికి వికారం, 13 మందికి విరేచనాలు అని ట్రయల్స్ లెక్క. ఎక్కువమందికి కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది. షాపులో నేను చూసేది ఏంటంటే, సరిగ్గా రెండో రోజు మానేస్తారు. ఇంకో నాలుగు రోజులు ఓర్చుకోవచ్చా అని డాక్టర్‌కి ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేది. అయితే ఓర్చుకోకూడనిది ఒకటుంది. ఈ మందు వాడేవాళ్లలో కొందరికి మనసు బాగా దిగాలుపడటం, చచ్చిపోవాలన్న ఆలోచనలు రావడం జరిగిందని అమెరికాలో దాని కరపత్రంలో హెచ్చరిక ఉంది. మందే కారణమని తేలలేదు. అయినా ఇంట్లోవాళ్లకి తెలిసి ఉండాలి. మనిషి ఉన్నట్టుండి ముభావంగా మారితే ఆ మాత్ర ఆపి వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. గర్భం రాకుండా మాత్రలు వాడేవాళ్లు ఇంకోటి గమనించాలి. విరేచనాలు తీవ్రంగా అయితే ఆ మాత్రలు ఒంటికి పట్టకపోవచ్చు.

ప్రుకలోప్రైడ్ అనగానే గుండెకి మంచిది కాదటగా అని అడిగేవాళ్లున్నారు. ఆ భయం ఊరికే పుట్టలేదు, దాని వెనక కథ ఉంది. సిసాప్రైడ్ అని ఒక మందు ఉండేది. ప్రధానంగా గుండెల్లో మంటకి, పేగులు కదలడానికీ ఇచ్చేవాళ్లు. అది గుండె లయ తప్పిస్తోందని తేలింది. 1999 చివరికి అమెరికాలో 341 కేసులు నమోదయ్యాయి, అందులో 80 మంది చనిపోయారు. 2000లో అక్కడ అమ్మకం ఆపేశారు. మన దేశంలో నిషేధం పడింది 2011లో. మధ్యలో పదకొండేళ్లు! తర్వాత పేగుని కదిలించే ఇంకో మందు, టెగసెరాడ్ వచ్చింది. దాన్ని 2007లో అమెరికాలో ఆపినప్పటి లెక్క ఇది: మందు వేసుకున్న 11,614 మందిలో 13 మందికి గుండెపోటు, పక్షవాతం లాంటివి వచ్చాయి, వేసుకోని 7,031 మందిలో ఒక్కరికే. మన దగ్గర దాన్నీ 2011లోనే నిషేధించారు. ప్రుకలోప్రైడ్ వీటి తర్వాత వచ్చిన చెల్లెలు లాంటిది. కానీ గురి చూసి కొడుతుంది, గుండె లయని కదిపే తలుపులు తట్టదు. యూరప్‌లో 35 వేల మంది రికార్డులు తీసి, పాలీఇథిలీన్ గ్లైకాల్ వాడినవాళ్లతో పోల్చి చూస్తే గుండె జబ్బులు పెరిగినట్టు కనిపించలేదు. కాబట్టి అక్కల పాపం దీనికి అంటగట్టక్కర్లేదు. గుండె జబ్బు ఉంటే మాత్రం డాక్టర్‌కి ముందే చెప్పండి.

సరే, ఇప్పుడు బిసకోడిల్. మామ్మగారి మాత్ర. ఇది పేగుని గిల్లి లేపుతుంది. అందుకే తెల్లవారుజామున మెలిపెట్టే నొప్పి. ఈ మాత్ర మీద ఉండే పూత కడుపు దాటి పేగులో కరగాలి. పాలతో వేసుకున్నా, నమిలినా, గ్యాస్ మందుతో కలిపి మింగినా ఆ పూత ముందే కరిగి కడుపులో మంట, నొప్పి. రాత్రి పాలు తాగే అలవాటున్న ఇళ్లలో సరిగ్గా ఇదే జరుగుతుంది.

"నాది ఆయుర్వేదం అండీ, రాత్రి చూర్ణం వేసుకుంటాను, సైడ్ ఎఫెక్టులుండవు" అనేవాళ్లకి ఒక్కమాట. డబ్బా వెనక్కి తిప్పి చదవండి. చాలా చూర్ణాల్లో సునాముఖి ఆకు ఉంటుంది. అదీ పేగుని గిల్లేదే, బిసకోడిల్‌కి వరసకి అన్నయ్య. సునాముఖి ఏళ్ల తరబడి వాడితే పెద్దపేగు లోపలి పొర నల్లబడుతుంది. పెద్దపేగులోకి కెమెరా పెట్టి చూసే కొలనోస్కోపీలో అది చూసి హడలిపోతారు గానీ, అదేం క్యాన్సర్ కాదు, మానేస్తే కొన్ని నెలల్లో పోతుంది. ఈ మందులకి పేగు శాశ్వతంగా బద్ధకిస్తుందన్న భయానికి కూడా, డాక్టరు చెప్పిన డోసులో ఉన్నంతవరకు, గట్టి ఆధారం లేదు.

అయితే మరి అసలు ప్రమాదం ఎక్కడ? రోజూ నీళ్ల విరేచనం అవుతుంటే నీటితో పాటు పొటాషియం పోతుంది. కండరానికి పొటాషియం కావాలి. కాలి పిక్కకీ కావాలి, గుండెకీ కావాలి, పేగుకీ కావాలి. పొటాషియం తగ్గితే పేగు కదలిక మందగిస్తుంది. మోషన్ అవ్వదు. ఇంకో మాత్ర వేస్తాం. ఇంకాస్త పొటాషియం పోతుంది.

మామ్మగారిని ఇంకేం మందులు వాడతారండీ అని అడిగాను. బీపీకి ఒకటి, కాళ్ల వాపుకి "నీరు పోయే మాత్ర", మోకాళ్ల నొప్పికి ఇంకోటి. నీరు పోయే మాత్ర అంటే ఫ్యూరోసెమైడ్. అది మూత్రంలోంచి పొటాషియం తోడేస్తుంది. ఈ పక్క నుంచి బిసకోడిల్. రెండు పక్కలా గండి. మోకాళ్ల మాత్ర పేరు చూపించమంటే ట్రమడాల్. అది పేగుని జోకొట్టి పడుకోబెట్టే మందు. ఎప్పటి నుంచండీ అంటే, "రెండేళ్లయింది బాబూ." మోషన్ మాత్ర కూడా రెండేళ్లు.

ఇలా మలబద్ధకం తెచ్చిపెట్టే మందులు ఇంకా ఉన్నాయి. ఐరన్, కాల్షియం మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు మందు, నిద్రకీ నరాల నొప్పికీ ఇచ్చే అమిట్రిప్టిలిన్, బీపీకి ఇచ్చే వెరాపమిల్. ఒక డాక్టరు ఇచ్చిన మందుకి వచ్చిన ఇబ్బందిని కొత్త జబ్బు అనుకుని ఇంకో డాక్టరు ఇంకో మందు రాస్తారు. తప్పు ఎవరిదీ అనలేం. అన్ని చీటీలూ ఒకేసారి ఎవరి ముందూ పెట్టలేదు, అంతే. మీ ఇంట్లో పెద్దవాళ్ల మందులన్నీ ఒక కవర్లో వేసి తీసుకెళ్లండి, పసరు మందులు, చూర్ణాలతో సహా.

ఒకటి మర్చిపోయేలా ఉన్నాను. కడుపు ఉబ్బి, విపరీతంగా నొప్పి వచ్చి, వాంతులవుతూ, గ్యాసు కూడా బయటికి పోకపోతే ఏ విరేచనాల మందూ వెయ్యకండి. పేగు మూసుకుపోయి ఉండొచ్చు. నేరుగా హాస్పిటల్‌కి వెళ్లండి. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉన్నా షాపుకి రాకండి, డాక్టర్ దగ్గరికే వెళ్లండి.

మామ్మగారికి ఆరోజు నేను మాత్రలు ఇవ్వలేదు. ఆవిడకి కోపం వచ్చింది, పక్క షాపులో ఇస్తారులే అన్నారు. నిజమే, ఇస్తారు. వాళ్లబ్బాయి నంబరు అడిగి ఫోన్ చేశాను. మర్నాడు డాక్టరు గారు రక్తపరీక్ష చేయిస్తే పొటాషియం 2.9. ఉండాల్సింది 3.5కి పైన. ట్రమడాల్ ఆపించారు, నీటి మాత్ర డోసు మార్చారు, పొటాషియం ద్రావణం ఇచ్చారు, బిసకోడిల్ బదులు నీళ్లలో కలుపుకునే ఆ పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి రాశారు.

మూడు వారాల తర్వాత చీటీ పట్టుకుని మళ్లీ వచ్చారు, ఈసారి నడిచే. పొడి ప్యాకెట్లు సంచిలో వేసుకుంటూ అన్నారు: "కాళ్లు పట్టేయడం వయసు వల్ల కాదట బాబూ. అయితే నాకింకా వయసు రాలేదన్నమాట."