స్ట్రేస్ తగిలించగానే సర్వర్ ఎందుకు పడిపోయింది?

[స్క్రీన్: టెర్మినల్‌లో ఒక సర్వర్ ప్రాసెస్, స్టేటస్ దగ్గర ‘స్లీపింగ్’]

బ్యాక్‌గ్రౌండ్‌లో ఒక ప్రాసెస్ ఖాళీగా కూర్చుంది. కొత్త కనెక్షన్ కోసం ఎదురుచూస్తోంది, అంతే. ఏం చేస్తోందో చూద్దామని మీరు స్ట్రేస్ తగిలించారు, అంటే ఒక ప్రాసెస్ కెర్నల్‌ని అడిగే పనులన్నీ చూపించే టూల్. అది కాస్తా చచ్చి ఊరుకుంది. మీరు కోడ్‌లో ఒక్క అక్షరం కూడా ముట్టుకోలేదు. మరి చంపిందెవరు?

లినక్స్‌లో స్ట్రేస్ అయినా, జీడీబీ అనే డీబగ్గర్ అయినా పనిచేసేది పీట్రేస్ అనే సిస్టమ్ కాల్ మీదే, అంటే కెర్నల్‌ని పని అడిగే పిలుపు. ఇంకో ప్రాసెస్ లోపలికి తొంగిచూడాలంటే ముందు దాన్ని ఆపాలి. మామూలు అటాచ్‌లో కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, దానికి సిగ్‌స్టాప్ అనే సిగ్నల్ పంపుతుంది. అది ఆగాక, డీబగ్గర్ ఆ సిగ్నల్‌ని మధ్యలోనే మింగేస్తుంది. అంటే ప్రాసెస్‌కి ఏమీ తెలియకూడదు.

కానీ తెలిసిపోతుంది.

[స్క్రీన్: ఈపోల్ వెయిట్ లైన్, దాని పక్కన ఎర్రగా ఈఇంటర్]

కనెక్షన్ల కోసం ఎదురుచూడ్డానికి సెలెక్ట్, ఈపోల్ వెయిట్ అని రెండు సిస్టమ్ కాల్స్ ఉన్నాయి. సెలెక్ట్‌లో నిద్రపోతున్న ప్రాసెస్‌ని ఇలా కదిలిస్తే కెర్నలే ఆ కాల్‌ని మళ్లీ మొదలుపెడుతుంది, ప్రోగ్రామ్‌కి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఈపోల్ వెయిట్ విషయంలో ఆ మర్యాద లేదు. అది ఈఇంటర్ అనే ఎర్రర్‌తో, అంటే ‘మధ్యలో అంతరాయం వచ్చింది’ అంటూ, బయటికొచ్చేస్తుంది. ఇదేమీ రహస్యం కాదు. పీట్రేస్ మాన్యువల్ పేజీలో ‘బగ్స్’ అనే భాగంలోనే రాసి ఉంది. అంతదాకా చదివే ఓపిక ఎవరికి ఉంటుందనేది వేరే విషయం.

ఇప్పుడు మీ కోడ్‌లో ‘మైనస్ ఒకటి, అంటే ఎర్రర్, వస్తే లాగ్ రాసి ఎగ్జిట్ అవ్వు’ అని ఉందనుకోండి. చెప్పింది చెప్పినట్టే చేస్తుంది. నన్నడిగితే తప్పు స్ట్రేస్‌ది కాదు, ఈఇంటర్ వస్తే మళ్లీ ప్రయత్నించని కోడ్‌ది. పైథాన్ 3.5 నుంచి, అంటే 2015 నుంచి, ఆ పని పైథానే చూసుకుంటోంది. సీలో మాత్రం మళ్లీ ప్రయత్నించే లూప్ మీరే రాయాలి.

[స్క్రీన్: జీడీబీ, బ్రేక్‌పాయింట్ పెట్టాక నడుస్తున్న ప్రాసెస్]

జీడీబీతో ఇంకో చిక్కుంది. బ్రేక్‌పాయింట్, అంటే ‘ఇక్కడికి రాగానే ఆగు’ అనే గుర్తు, పెట్టి ప్రాసెస్‌ని నడిపిస్తే, అక్కడున్న ఇన్‌స్ట్రక్షన్ మొదటి బైట్‌ని తీసేసి సీసీ అనే బైట్ రాస్తుంది. ఎక్స్86లో సంగతి ఇది. ప్రాసెస్ అలా నడుస్తుండగా, జీడీబీ హ్యాంగ్ అయిందని టెన్షన్‌లో దానికి కిల్ మైనస్ నైన్ కొట్టి బలవంతంగా చంపారా, ఆ బైట్ అక్కడే ఉండిపోతుంది. ప్రాసెస్ నడుస్తూనే ఉంటుంది, ఆ లైన్ దాకా వస్తుంది, సిగ్‌ట్రాప్ అనే సిగ్నల్ తగిలి పడిపోతుంది. అది రేపు ఉదయం జరగొచ్చు, అప్పటికి జీడీబీ సంగతి ఎవరికీ గుర్తుండదు.

డీబగ్గర్ ప్రాసెస్‌ని ఆపి ఉంచినంతసేపూ, వాచ్‌డాగ్ పెట్టుకుని ఉంటే, సర్వీసులు నడిపే సిస్టమ్‌డీ కూడా గడియారం చూస్తూనే ఉంటుంది. గడువులోగా ‘బతికే ఉన్నాను’ అనే కబురు రాకపోతే, ప్రాసెస్‌ని ముగించే సిగ్‌అబార్ట్ సిగ్నల్ పంపుతుంది.

అలాగే కిల్ మైనస్ త్రీ, అంటే సిగ్‌క్విట్ అనే సిగ్నల్. జావా ప్రాసెస్‌కి కొడితే థ్రెడ్ డంప్, అంటే ఏ థ్రెడ్ ఏం చేస్తోందో జాబితా, ఇచ్చి తన పని తాను చేసుకుంటుంది. అదే అలవాటుతో గో ప్రోగ్రామ్‌కి కొడితే స్టాక్‌లన్నీ ప్రింట్ చేసి ఎగ్జిట్ అయిపోతుంది. ప్రాసెస్ నంబర్ ఒకటికి రెండుసార్లు చూసుకోండి.

[స్క్రీన్: టెస్ట్ సర్వర్‌లో రెండు కమాండ్‌లు]

ప్రొడక్షన్‌లో, అంటే జనం వాడుతున్న అసలు సర్వర్‌లో, ముందు పెర్ఫ్, బీపీఎఫ్‌ట్రేస్ అనే టూల్స్‌తో చూడండి, వాటికి ప్రాసెస్‌ని సిగ్నల్‌తో ఆపే పని లేదు. స్ట్రేస్ తప్పదంటే, టెస్ట్ సర్వర్‌లో అదే ప్రోగ్రామ్‌కి కిల్ మైనస్ స్టాప్ కొట్టి ఆపండి, ఆ వెంటనే కిల్ మైనస్ కంట్ కొట్టి మళ్లీ నడిపించండి. ప్రోగ్రామ్‌లో సిగ్నల్‌ని పట్టుకునే హ్యాండ్లర్ లేకపోయినా ఈపోల్ వెయిట్ ఇక్కడా అదే ఈఇంటర్ ఇస్తుంది. దాన్ని తట్టుకుని నిలబడితేనే ప్రొడక్షన్‌లో స్ట్రేస్ తగిలించండి.