కీబోర్డు మీద చెయ్యి పెట్టనియ్యండి

అందరికీ రామ్ రామ్, జై సేవా. వేదిక మీదున్న పెద్దలకు, పటేళ్లకు, పొద్దున్నుంచి వానల తడుసుకుంట వచ్చిన మా అమ్మలకు, వెనక కూసున్న హాస్టల్ పిల్లలకు నమస్తే. పేరుపేరునా చెప్పాల్నంటే నాకిచ్చిన పావుగంట అక్కడే అయిపోతది, పెద్దలు ఏమనుకోవద్దు.

ఇవాళ ఆగస్టు 9. 1982ల ఇదే రోజున ఐక్యరాజ్యసమితిల ఆదివాసుల కోసం పెట్టిన వర్కింగ్ గ్రూపు మొదటిసారి కూసున్నది, అందుకే ఈ తారీఖు ప్రపంచ ఆదివాసీ దినం అయింది. నన్ను ఆదివాసీ ఆడపిల్లలు, టెక్నాలజీ చదువులు అనే టాపిక్ మీద మాట్లాడమన్నరు. స్కాలర్‌షిప్పులు, కోర్సులు, ఉద్యోగాలు అని వరసగ కాయితం మీద రాసుకొని గూడ వచ్చిన. కానీ ఇందాక లోపలికి వస్తుంటే ఏడో ఎనిమిదో చదివే ఒక పాప నా బ్యాగుల ఉన్న లాప్‌టాప్ చూసి "అక్కా, ఒక్కసారి ముట్టుకోవచ్చా?" అని అడిగింది. ఆ మాట విన్నంక కాయితం మడిచి లోపల పెట్టిన. ఇరవై ఏండ్ల కింద నేను గూడ గదే మాట అడిగిన, నాకు వద్దు అన్నరు.

నేను చదివిన ఆడపిల్లల హాస్టల్ పేరు చెప్పను, ఎవరినీ చిన్నబుచ్చడానికి రాలే. మేం ఎనిమిదిల ఉన్నప్పుడు కంప్యూటర్లు వచ్చినయి, పది. మేమే డబ్బాలు మోసినం. ఒక రూమ్ ఖాళీ చేసి పెట్టిన్రు, పూల గుడ్డతో కవర్లు కుట్టించిన్రు, రూముకు తాళం ఏసిన్రు. శనివారం శనివారం ఆ రూమ్ ఊడ్చే డ్యూటీ మాదే, కవర్లు దులిపి మళ్ల కప్పేది. దసరాకు ఒక్కొక్క దానికి బొట్టు పెట్టి, బంతిపూల దండ ఏసి కొబ్బరికాయ కొట్టినం. మూడు దసరాలు బొట్టు పెట్టిన, ఒక్కసారి గూడ స్విచ్ నొక్కలే. మూడేండ్లు! ఆ తాళంచెవి మేడమ్ బీరువల ఉండె.

అప్పుడు మేడమ్ మీద మస్తు కోపముండె. ఇప్పుడు ఆమె కష్టం గూడ అర్థమైతది. స్టాక్ రిజిస్టర్‌ల సంతకం ఆమెది, మౌస్ ఖరాబైతే జవాబు చెప్పాల్సింది ఆమెనే. కంప్యూటర్ టీచర్ పోస్టు లేకుండె, లెక్కల సార్‌కు ఇంచార్జ్ ఇచ్చిన్రు, ఆయనకూ వాటిని నడపరాదు. కరెంటు పొద్దున పోతే మాపటికి వచ్చేది. అయితే ఇవన్నీ మగపిల్లల హాస్టల్‌లో గూడ ఉండె గద, మరి వాళ్లు అంగడి నాడు నెట్ సెంటర్‌కు పోయి నేర్చుకున్నరు. మేం గేటు దాటొద్దు. మాకు ఆ రూమ్ ఒక్కటే దిక్కు, అది మూసి ఉంటే ప్రపంచమంత మూసినట్టే. ఆడపిల్లకు ఎక్కువ సాయం ఎందుకు అని అడిగేటోళ్లకు నేను ఈ గేటు ముచ్చటే చెప్త.

మాకు ఇంకో మేడమ్ ఉండె, సైన్స్ చెప్పేది. ఆమె అట్ట మీద కీబోర్డు బొమ్మ గీసిచ్చింది. రాత్రి స్టడీ అవర్ల ఆ అట్ట మీద వేళ్లు పెట్టి ఏ అక్షరం ఎక్కడుందో అంతా నోటికి నేర్చుకున్న. ఆ అట్టతోనే నేను ఇంజనీరింగ్ దాకా వచ్చిన. మొదటి ల్యాబ్ రోజు కీబోర్డు ముందట కూసున్న, కళ్లు మూసుకొని గూడ అక్షరం ఎక్కడుందో చెప్త, కానీ కీ కిందికి దిగుతదని నాకు తెల్వది! అట్ట దిగది గద. గట్టిగ ఒత్తి పట్టుకున్న, స్క్రీన్ మీద లైన్లకు లైన్లు ఆ ఒక్క అక్షరమే పడుకుంట పోయింది. వెనక నవ్విన్రు. "కోటాల వచ్చింది" అని ఒకరు మెల్లగ అన్నది గూడ విన్న. ఆ సెమిస్టర్‌ల రెండు సబ్జెక్టులు పోయినయి. ఇంటికి పోతే మళ్ల రాననుకున్న. ఐఐటీలు, ఎన్ఐటీలల్ల ఎస్టీలకు నూటికి 7.5 సీట్లున్నయని అందరికీ తెలుసు, సీటు ఇచ్చినంక ఆ మొదటి ఏడాది పిల్ల చెయ్యి ఎవరు పట్టుకోవాలె అనేది ఎవరికీ పట్టది. నాకైతే సెకండియర్ అక్క ఒకామె దొరికింది, రోజూ రాత్రి భోజనాలైనంక తన కంప్యూటర్ ముందల నన్ను కూసోబెట్టేది. ఆమె లేకపోతే నేను ఇయ్యాల ఈ మైకు ముందల లేను. సీటు నిలబడేది అసొంటి మనిషి వల్లనే, దయచేసి ఈ మాట రాసుకోండి.

2011 జనాభా లెక్కలల్ల దేశం మొత్తం మీద ఎస్టీ ఆడోళ్లల్ల చదువొచ్చినోళ్లు నూటికి 49 మందే. మా అమ్మ మిగిలిన 51 మందిల ఉంటది. ఆమెకు నా పని ఏందో ఇప్పటికీ చెప్పలేను, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ అనేదానికి మా గోండి భాషల నాకు మాట దొరకది. ఇక్కడ ఇంకో ముచ్చట చెప్పాలె. మన పిల్ల ఇంట్ల యేర్ అంటది, బడిల నీళ్లు అంటరు, కంప్యూటర్ పుస్తకంల ఇంగ్లీషు. లాజిక్ రాదని కాదు, లాజిక్ దగ్గరికి పోయేలోపే రెండు భాషలు దాటాలె. మన భాష తెలిసిన టీచరుంటే ఆ బరువు సగం తగ్గుతది. షెడ్యూల్డ్ ఏరియా టీచర్ పోస్టులన్నీ స్థానిక ఆదివాసులకే అని 2000ల వచ్చిన జీవో 3ని సుప్రీంకోర్టు 2020ల కొట్టేసినప్పుడు నేను ఏడ్చిన, మా ఊరి పిల్లలే యాదికొచ్చిన్రు.

మన ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాల మీకు తెలుసు. ఆ ఊర్ల పెద్దమనుషులు దాచిన పాత గోండి లిపి రాతలను పరిశోధకులు జయధీర్ తిరుమలరావు సార్ వాళ్లు వెలుగులకు తెచ్చిన్రు, ఆ లిపి 2018ల యూనికోడ్‌ల, అంటే కంప్యూటర్లు, ఫోన్లు అన్నీ వాడే అక్షరాల పట్టికల, చేరింది. ఇప్పుడు ఫోన్లల్ల మన అక్షరానికి గూడ జాగ దొరికింది. దేశంల గోండి మాట్లాడేటోళ్లం 29 లక్షల పైన. ఆ అక్షరాలు ఫోన్‌ల కొట్టడానికి మంచి కీబోర్డు ఎవరు చెయ్యాలె? మెషిన్‌కు మన మాట నేర్పాలంటే గంటలకొద్ది గొంతులు రికార్డు చేసి, విన్నది విన్నట్టు రాసి జతపెట్టాలె. మన ముసలమ్మల పక్కన కూసోని ఆ గొంతు పట్టేది ఎవరు? ఈ వెనక కూసున్న పిల్లలే. బయటోళ్లు వచ్చి చేస్తే మన మాటలు తప్పుగ పడతయి, తర్వాత ఆ తప్పే మనకు పాఠం అయితది.

అమెరికాల మేరీ గోల్డా రాస్ అని చెరోకీ ఆదివాసీ ఆమె ఉండె, 1908ల పుట్టింది. లెక్కల టీచర్‌గ మొదలుపెట్టి 1942ల లాక్‌హీడ్ విమాన కంపెనీల చేరింది, రాకెట్ల డిజైన్ల దాకా పోయింది. 2019ల వాళ్ల డాలర్ బిళ్ల మీద ఆమె బొమ్మ ఏసిన్రు. ఆడపిల్లకూ మగపిల్లగానికీ సమానంగ చదువు చెప్పడం చెరోకీలల్ల ఉన్నదేనని ఆమె చెప్పుకునేది. మనల గూడ పొలం పనిల, అంగడిల ఆడోళ్లను ఎవరూ ఆపరు గద, ఆ గేటు కాడనే ఎందుకు ఆపుతున్నరు?

హెడ్‌మాస్టర్ సార్లు, మేడమ్‌లు, మీకు దండం పెట్టి అడుగుత. వారంల రెండు గంటలు ఆ రూమ్ తెరువండి. ఖరాబైతే కానియ్యండి, మౌస్ ఖరాబైతే నేను కొనిస్త, నిజంగనే అంటున్న. కంపెనీలోళ్లు వచ్చిన్రు ఇక్కడికి, మీరు ఇంకో పది డబ్బాలు పంపకండి సార్, వాటి పక్కన కూసునే ఒక మనిషిని పంపండి, ఆడమనిషి అయితే మరీ మంచిది. నాయనలారా, బిడ్డ రాత్రి ఫోన్ పట్టుకుంటే ఏం చూస్తున్నదో ఒక్కసారి పక్కన కూసోని అడగండి, గుంజుకోకండి.

స్కాలర్‌షిప్పుల కాయితం జిరాక్సులు తీసి గేటు కాడ టేబుల్ మీద పెట్టిన, అందరూ తీసుకపోండి. స్టేజీ వెనక రెండు లాప్‌టాపులు ఆన్ చేసి పెట్టిన్రు. ఛార్జింగ్ రెండు గంటలు వస్తది. ఇందాక అడిగిన పాప ఎక్కడున్నది? దా బిడ్డా, ముందుగాల నువ్వే కూసో. మెల్లగ ఒత్తు, దిగుతది.