విండోస్, మ్యాక్, లినక్స్: కొత్తదనం ఎవరిది? కడప నుంచి ఒక పోలిక

నమస్కారం. కడపలో మా మిద్దె మీది గదిలో, ఈ బల్లపై మూడు కంప్యూటర్లు ఉన్నాయి: విండోస్ 11 ఉన్నది ఒకటి, ఎం1 చిప్ మ్యాక్‌బుక్ ఎయిర్ ఒకటి, లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటు ఎక్కించిన పాత లాప్‌టాప్ ఒకటి. ధరల జోలికి, గేముల జోలికి పోకుండా, కొత్తదనంలో ఎవరిది పైచేయి అన్న ఒక్క విషయమే ఈరోజు మాట్లాడతాను.

విండోస్ అంతా మ్యాక్‌ను చూసి కాపీ కొట్టినదేనని వాదించేవారు సగం కథే చెబుతున్నారు. కిటికీలు, మౌసు ఉన్న కంప్యూటర్‌ను జిరాక్స్ సంస్థ పాలో ఆల్టో పరిశోధన కేంద్రం 1970లలోనే నడిపి చూపింది. 1979లో ఆపిల్ బృందం అక్కడికి వెళ్లి చూసి వచ్చింది. 1984లో మ్యాకింటాష్, 1985లో విండోస్ 1.0 విడుదలయ్యాయి. ఆ మొదటి విండోస్‌లో కిటికీలు ఒకదానిపై ఒకటి ఎక్కేవి కావు, మన కడప బండలు పరిచినట్టు పక్కపక్కనే ఉండేవి. 1987లో విండోస్ తయారీదారు మైక్రోసాఫ్ట్ వాటిని ఒకదానిపై ఒకటి ఎక్కేలా మార్చుకోగానే, మరుసటి ఏడాదే తన మ్యాక్ రూపాన్ని కాపీ కొట్టిందంటూ ఆపిల్ కోర్టుకెక్కింది. 1994లో అప్పీలులోనూ ఓడిపోయింది.

తమాషా ఏమిటంటే, వదిలేసిన ఆ బండల పరుపే 2009లో విండోస్ 7తో కొత్త రూపంలో తిరిగి వచ్చింది. ఇదిగో చూడండి: విండోస్ మీటతో పాటు ఎడమ బాణం నొక్కితే ఈ చేతిరాత ప్రతి ఫొటో తెరలో సగానికి సర్దుకుంది, కుడి బాణం నొక్కగానే నేను టైపు చేసే పుట మిగతా సగంలో కూర్చుంది. రోజంతా ప్రతిని చూస్తూ టైపు చేసేవారికి ఇంతకంటే పనికొచ్చే సదుపాయం మరొకటి నాకు తోచదు. మ్యాక్‌లో 2015లో పూర్తి తెరను రెండుగా చీల్చే ఏర్పాటు వచ్చినా, కిటికీని అంచుకు లాగితే సర్దుకునే పద్ధతి రావడానికి 2024లో వచ్చిన సెకోయా అనే మ్యాక్ వెర్షన్ దాకా ఆగవలసి వచ్చింది. ఒకే యంత్రంలో అనేక డెస్క్‌టాప్‌ల విషయంలో మాత్రం వరుస తిరగబడింది: లినక్స్‌లో 1990లలోనే ఉంది, మ్యాక్‌కు 2007లో, విండోస్‌కు 2015లో వచ్చింది. అప్లికేషన్లన్నీ ఒకేచోటి నుంచి దించుకునే పద్ధతి కూడా యాప్ స్టోర్లు పుట్టకముందే డెబియన్ లినక్స్‌లో ఉండేది. పేరు మాత్రం స్టోర్లకు దక్కింది.

ఇవన్నీ పైపై మెరుగులు. అసలు ధైర్యం కనిపించేది పునాది మార్చేటప్పుడే. ఆపిల్ మ్యాక్ ప్రాసెసర్ కుటుంబాన్ని మూడుసార్లు మార్చింది: 1994లో పవర్‌పీసీకి, 2006లో ఇంటెల్‌కు, 2020లో తన సొంత చిప్‌కు. చివరి మార్పులో రోసెట్టా 2 అనే అనువాద పొర పాత ప్రోగ్రాములను కొత్త చిప్ మీద నడిపింది. ఈ ఎయిర్‌లో ఫ్యాన్ అనేదే లేదు. కరెంటు పోయిన మే నెల మధ్యాహ్నం కూడా చప్పుడు లేకుండా పని చేసుకోగలుగుతున్నాను. ఈ ఒక్క అంశంలో నా ఓటు నిస్సందేహంగా ఆపిల్‌కే. మైక్రోసాఫ్ట్ 2012లో ఆర్మ్ అనే వేరే రకం చిప్‌ల కోసం విండోస్ ఆర్‌టీ తెచ్చినప్పుడు పాత ప్రోగ్రాములు దానిమీద నడవలేదు, జనం కూడా దానివైపు చూడలేదు.

అయితే ఆపిల్ వేగానికి మూల్యం ఉంది. 2019లో కాటలీనా అనే మ్యాక్ వెర్షన్‌తో పాత తరం 32 బిట్ ప్రోగ్రాములన్నిటినీ ఒక్క దెబ్బతో ఆపివేసింది. విండోస్ 11 వాటిని నేటికీ నడుపుతోంది. మన ఊళ్లో డీటీపీ షాపుకు వెళ్లి చూడండి, పెళ్లిపత్రికలు ఇంకా పేజ్‌మేకర్ అనే పాత పుటల కూర్పు ప్రోగ్రాములోనే కూరుస్తుంటారు; వారికి పాతది ఆగకుండా నడవడమే పెద్ద సదుపాయం. దాన్ని కొత్తదనం అనడానికి నాకు మనసొప్పదు గానీ, తేలిక పని అని కూడా అనను.

బ్రౌన్ గ్రంథాలయం ఉన్న ఊళ్లో కూర్చుని తెలుగు మాట ఎత్తకుండా ఎలా ఉంటాను? విండోస్ ఎక్స్‌పీ 2001లోనే గౌతమి ఫాంటుతో తెలుగును వెంట తెచ్చింది. మ్యాక్‌తో పాటే తెలుగు ఫాంట్లు రావడానికి 2011 దాకా పట్టింది. ఆ తరువాత 2018 ఫిబ్రవరిలో, కంటికి కనబడని ఒక గుర్తు మధ్యలో ఇరికించిన ‘జ్ఞా’ అనే అక్షరం తెరపైకి వస్తే చాలు, ఐఫోన్లలోనూ మ్యాక్‌లలోనూ యాప్‌లు కుప్పకూలేవి. జ్ఞానానికి మొదటి అక్షరమే వాటికి మింగుడు పడలేదన్నమాట. అదే నెలలో ఆపిల్ సరిచేసింది. ఇప్పుడు మీ ముందే మూడింటిలోనూ టైపు చేస్తున్నాను: విండోస్‌లో వచ్చింది, ఉబుంటులో వచ్చింది, ఇదిగో, మ్యాక్‌లో కూడా జ్ఞా చెక్కుచెదరకుండా నిలబడింది.