ఆ ప్రశ్నను సూటిగానే అడగండి

నమస్కారం. మన ఇంట్లోని మనిషి ‘ఇక నేను బ్రతికి ఏం లాభం’ అన్నప్పుడు, మనలో చాలామంది ‘అట్లాంటి మాటలు మాట్లాడవద్దు, ఏడుకొండలవాడు ఉన్నాడు’ అని ఆ మాటను అక్కడే ఆపేస్తారు. ప్రేమతోనే అంటారు, కానీ ఆ తరువాత ఆ మనిషి మళ్లీ నోరు విప్పడం కష్టమవుతుంది.

ఆ వ్యక్తి తోతాపురి మామిడి ధర పడిపోయి అప్పుల్లో ఉన్న చిత్తూరు రైతు కావచ్చు, తిరుపతి హాస్టల్‌లో చదువుకుంటున్న విద్యార్థి కావచ్చు. పైకి కనిపించే కారణం వెనుక చాలాకాలంగా చికిత్స అందని కుంగుబాటో, మద్యమో, నిద్రలేమో ఉండవచ్చు. కాబట్టి పక్కన కూర్చుని, ‘నాయనా, చనిపోవాలని అనిపిస్తోందా?’ అని స్పష్టంగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందన్న భయం నిజం కాదు. అడిగినందువల్ల ప్రమాదం పెరగదని పరిశోధనలు చెబుతున్నాయి. అవునని జవాబు వస్తే తిట్టకుండా, ఒట్టు వేయించుకోకుండా వినండి. అందుకు ఏమైనా సిద్ధం చేసుకున్నారా అని కూడా అడగండి. సిద్ధం చేసుకున్నారని తెలిస్తే, ఆ క్షణం నుంచి వారిని ఒంటరిగా వదలకూడదు.

పల్లెల్లో నేను అన్నిటికంటే గట్టిగా చెప్పవలసిన విషయం పురుగుమందుల గురించి. వాటిని, ఎక్కువగా నిల్వ ఉన్న మాత్రలను ఇంటి నుంచి, పొలం షెడ్డు నుంచి తీసివేసి బంధువుల దగ్గర తాళంలో ఉంచండి. ‘చావాలనుకున్నవాడికి ఇంకో దారి దొరకదా’ అనే వాదన సరికాదు. ఆ ఆలోచన ఉధృతి తరచుగా కొద్ది గంటల్లోనే తగ్గుతుంది. ఆ గంటల్లో విషం చేతికి అందకపోతే మనిషి దక్కే అవకాశం పెరుగుతుంది. శ్రీలంకలో అత్యంత విషపూరితమైన పురుగుమందులను దశలవారీగా నిషేధించిన ఫలితంగా 1995 తరువాత ఆత్మహత్యల రేటు బాగా పడిపోయింది. ఇప్పటికే ఏదైనా మింగారన్న అనుమానం ఉంటే ఇంటి వైద్యం చేయకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.

ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416 ఇరవై నాలుగు గంటలూ ఉచితంగా పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. బాధపడుతున్న వారే కాదు, వారిని చూసుకుంటున్న మీరు కూడా ఫోన్ చేయవచ్చు. తిరుపతిలో రుయా ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. కొండకు వెళ్లి దర్శనం చేసుకోవడం మనసుకు ఊరటే, అయితే డాక్టరును కలవడం దాని కోసం వాయిదా పడకూడదు.

కేసు అవుతుందని, పరువు పోతుందని కొందరు ఆసుపత్రికే తీసుకెళ్లరు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 115వ సెక్షన్, ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించి, ప్రభుత్వం చికిత్స అందించాలని చెబుతుంది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యా ప్రయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ 309వ సెక్షన్‌కు చోటు లేదు.

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన తొలి వారాలు ఎక్కువ జాగ్రత్త అవసరమైన రోజులు. బంధువులందరూ వరుసగా వచ్చి ‘ఎందుకు చేశావు’ అని అడగకుండా చూడండి. కాపలా భారం తల్లి మీదో భార్య మీదో ఒక్కరి మీదే పడకుండా ఇంట్లోవారు పంచుకోండి. నిద్ర కుదిరిందని డాక్టరును అడగకుండా మాత్రలు ఆపనివ్వకండి, తరువాతి ఓపీ తేదీకి వారి వెంట ఒకరు తప్పకుండా వెళ్లండి.